మావ విప్పించిన టీవీ బల్ల

పోయిన నెల మా ఇంట్లో టీవీ పాడైతే కొత్తది కొన్నాం. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ హాల్లో నిలబడి, మా చెక్క కేబినెట్‌ని ఎగాదిగా చూసి, "ఇది తీసెయ్యండి సార్. ఇప్పుడివి ఎవులూ ఉంచుకోట్లేదు. టీవీని గోడకి బిగించేద్దాం, హాలు కాళీగా కనిపిత్తాది" అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి గబగబా వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే నేను "తియ్యను" అన్నాను. మెకానిక్ కొత్త టీవీని ఆ కేబినెట్‌లోనే పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆవిడ నావైపు కాసేపు చూసింది. ఆ చెక్క మీద నాకు ప్రేమ పుట్టిందని అనుకుని ఉంటుంది. నాకు దాని మీద తేలని ఫిర్యాదులున్నాయి. ఫిర్యాదు తేలకుండా వస్తువును గుమ్మం దాటించడం నాకు అలవాటు లేదు.

దాన్ని చేయించినవాడు మా మావ, మా ఆవిడ తండ్రి. ఆయన ఇప్పుడు లేడు. కేబినెట్ చేయిస్తున్న రోజుల్లోనే ఆయనకు రెండు కిడ్నీలూ పోయి డయాలసిస్ జరుగుతోంది. ఆ సంగతి మా ఆవిడకు తెలుసు. టెక్కలిలో ఉన్న మా వదినకూ, తోడల్లుడికీ తెలుసు. కేబినెట్ చేసిన వడ్రంగి మేస్త్రికి కూడా తెలుసు. నాకు మాత్రం తెలీదు. నా ఇంట్లో, నా హాల్లో, రోజూ నా కళ్ళముందు తిరిగిన మనిషి జబ్బు సంగతి నాకొక్కడికే చెప్పకుండా దాచారు. ఎందుకు దాచారన్నదే నేను అడుగుతున్నది.

ఆయన పేరు రాయను. రాస్తే సోంపేట వైపు సగం మంది గుర్తుపట్టి, పోయిన మావ మీద అల్లుడు రాశాడని నన్నే అంటారు. జలంత్రకోట దగ్గర కొబ్బరితోట, జీడితోట ఉన్న రైతు అంటే చాలు. నేను పలాసను ఆనుకున్న కాశీబుగ్గలో నీటి మోటార్ల కొట్టు నడుపుతాను.

మనిషి పొట్టి. పంచె, భుజం మీద తువ్వాలు. మా ఇంటికి వస్తే చెప్పులు విడిచేలోపే ఏదో ఒక వంక వెతికేవాడు. "ఏటి బాబూ, ఈ గోడ పెచ్చులూడిపోతంది, సూసుకోవేటి?" అనడం ఆయన "బాగున్నావా"తో సమానం. ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. తలుపు, గోడ, పుచ్చకాయ, నా కొట్లో మోటారు, కొత్తగా కొన్న బీరువా, ఏదైనా సరే. కొట్టి, తల కాస్త వంచి, చప్పుడు లోపలికి ఎంత దూరం వెళ్ళిందో వింటున్నట్టు ఆగి, "ఊఁ" అనేవాడు. బాగుందనడు, బాగోలేదనడు. నా కొట్టు తెరిచిన రోజున కౌంటర్ బల్లను అలాగే కొట్టి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"కి అర్థమేమిటని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను.

ఆయన నన్ను తక్కువ చేసిన సంగతులు నేనేదీ మరిచిపోలేదు. మా తోడల్లుడు టెక్కలిలో ఇల్లు కట్టినప్పుడు మావ తన పొలంగట్టు మీది టేకు చెట్లు కొట్టించి, కోయించి, లారీకి ఎత్తించి పంపాడు. ఆ ఇంటి తలుపులు టేకు, మంచాలు టేకు, టీవీ పెట్టుకునే షోకేసు కూడా టేకే. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి భుజం మీద ఒక పనసపండు పెట్టుకుని వచ్చాడు. పెరట్లో నూతి పక్కనున్న చెట్టు కాయ. బంధువులంతా నవ్వారు. ఆ పండు తియ్యగా ఉన్న మాట నిజమే. నేను తినలేదు, మా ఆవిడ చెప్పింది.

తర్వాత ఆ పెద్ద తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ ఎవరో చేత్తో నిమిరినట్టు ఒకే వైపుకి పడుకున్నాయి. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. మావ పెరట్లో పనస కూడా పడిపోయింది. కొబ్బరి గురించి, జీడి గురించి ఆయన ఎవరి దగ్గరా ఏడవలేదు. పనసను మాత్రం కలప వ్యాపారిని ముట్టుకోనివ్వలేదు. తనే మిల్లుకి తోలించి, పలకలు కోయించి, పశువులశాలలో గాలి ఆడేలా మధ్యలో ఇటుకలు పెట్టి పేర్చాడు. వాటి మీద ఎవరైనా కూర్చుంటే లేపేసేవాడు.

ఒకరోజు పొద్దున్న నేను కొట్టుకి బయల్దేరుతుంటే మా గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. వెనక పనస పలకలు, పలకల మీద సుమ్మాదేవి ఊరి వడ్రంగి మేస్త్రి, ముందు డ్రైవర్ పక్కన మావ.

"ఏంటి మావా ఇది?" అన్నాను.

"కనపడ్డం లేదేటి? సెక్క."

"ఎవరికి?"

"నీకే. టీవీ ఆ రేకుపెట్టి మీద ఎట్టుకున్నావు కదా. సూడ్డానికి పోలీసుస్టేషన్లాగుంది. బల్ల సేయిత్తాను."

ఆ రేకుపెట్టె మా అమ్మది. ఆ మాట చెప్పాను. "అయితే అటకెక్కించు, అమ్మ సామాను కాళ్ళ దగ్గరెట్టుకుంతారేటి?" అన్నాడు. నాకు బల్ల కావాలా అని గానీ, ఎలాంటిది కావాలని గానీ ఎవరూ అడగలేదు. నేను కొట్టు నుంచి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా హాల్లో టార్పాలిన్ పరిచేసి ఉంది. పెట్టె అటకెక్కింది.

మేస్త్రి నా వయసువాడు. ఏ వరసా లేకపోయినా మావను "మావా" అనేవాడు. అక్కడితో ఆగకుండా నన్ను "బావా" అనేవాడు. నేను ఎప్పుడూ పలకలేదు, అయినా మానలేదు.

రోజూ పొద్దున్న మావ సోంపేటలో రైలెక్కితే, సుమ్మాదేవిలో మేస్త్రి అదే రైలెక్కేవాడు. ఇద్దరూ పలాసలో దిగి మా ఇంటికి వచ్చేవారు. పనస చెక్క చిత్రిక పడితే పసుపు రాసినట్టుంటుంది. హాలంతా పసుపుపచ్చని పొట్టు. నా అన్నంలో పొట్టు, నా చొక్కాల్లో పొట్టు. మావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తువ్వాలుతో ఆ పొట్టును ఒకచోటికి చేరుస్తూ పని చూసేవాడు. చూడటమంటే, ఒకటే మాట అనేవాడు: "విప్పు."

మొదటిసారి నేను భోజనానికి వచ్చేసరికి కేబినెట్ పక్కలు రెండూ లేచి నిలబడి ఉన్నాయి. పర్వాలేదు, పని జరుగుతోంది అనుకున్నాను. మావ లేచి ఎడమపక్క పలకను కణుపుతో కొట్టాడు. తల వంచాడు. "విప్పు" అన్నాడు.

"ఏటైంది మావా?" అన్నాడు మేస్త్రి.

"తలకిందులెట్టినావు. మొదలు పైకొచ్చింది."

మా వైపు గుమ్మాలు నిలబెట్టేటప్పుడు ఈ పట్టింపు ఉంది. చెట్టు ఎలా నిలబడిందో చెక్క కూడా అలాగే నిలబడాలి, వేరు వైపు కిందికి, కొమ్మల వైపు పైకి. గుమ్మాలకు నేనూ విన్నాను. టీవీ బల్లకు ఎప్పుడూ వినలేదు.

"మావా, ఇదేమైనా సింహద్వారమా? మొదలేదో కొసేదో ఎవడు చూడొస్తాడు?"

"సెట్టుకి తెలుసు."

"చెట్టు పడిపోయింది కదా."

"పడిపోతే? తలకిందులు సేసి నిలబెట్టెత్తావేటి? రేపు నాను పడిపోతే నన్నూ కాళ్ళు మీదికెట్టి నిలబెట్టెత్తావేటి?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అప్పుడు నేనది పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా దాని వెనక ఆ నిశ్శబ్దం కూడా వినిపిస్తుంది.

నేను ఊరుకోలేదు. "నువ్విప్పట్లో పడవు మావా. ముందు మమ్మల్నందరినీ పడగొట్టాలి కదా" అన్నాను.

ఆయన నోరంతా తెరిచి నవ్వాడు. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగి మరీ నవ్వాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "సూత్తావేటి, విప్పు!" అన్నాడు. మేస్త్రి ఆ పక్కను ఊడదీసి తిరగేసి మళ్ళీ బిగించాడు. మర్నాడు కుడిపక్క పలక. ఆ తర్వాత మధ్య అర. ఒకసారి సొరుగు ముందరి చెక్కకి కూడా మొదలూ కొసా ఉన్నాయన్నాడు. అది అడ్డంగా ఉండే చెక్క. అడ్డంగా ఉన్నదానికి కిందేమిటి, పైనేమిటి అని నేను అరిచాను. "మొదలు ఎడంపక్కకుండాల" అన్నాడు తొణక్కుండా. నేను భోజనానికి వచ్చిన ప్రతిరోజూ ఏదో ఒకటి విప్పుతూనే ఉన్నారు, నేను దెబ్బలాడుతూనే ఉన్నాను. కంచంలో చెయ్యి ఎండిపోయేదాకా మాటలు సాగేవి.

ఇవి మాటల దెబ్బలాటలు. ఇంతకన్నా లోతుగా తగిలినవి వేరే ఉన్నాయి. ఆయన మా ఇంట్లో నీళ్ళు తాగేవాడు కాదు. మా ఆవిడ గ్లాసుతో ఇస్తే పెదాలు తడుపుకుని పక్కన పెట్టేసేవాడు. వెళ్ళేటప్పటికి గ్లాసు అలాగే నిండుగా ఉండేది. ఎండలో వచ్చాడు కదా అని ఒకరోజు నేనే స్వయంగా బోండం కొట్టించి చేతికిచ్చాను. కాసేపు రెండు చేతుల్తో పట్టుకుని దాని వైపు చూశాడు. తర్వాత మేస్త్రికి ఇచ్చేశాడు. కొబ్బరితోట ఉన్నవాడికి నేను కొన్న బోండం కంటికేం ఆనుతుందిలే అనుకుని ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. ఎంత తాగాలో డాక్టర్లు కొలిచి చెప్పారనీ, ఆ జబ్బుకి కొబ్బరినీళ్ళు అసలే పనికిరావనీ ఇప్పుడు తెలుసు. ఒక మనిషి మన ఇంట్లో నీళ్ళు ముట్టకపోతే దాన్ని ఏమనుకోవాలో మా వైపు అందరికీ తెలిసిందే. నేనూ అదే అనుకున్నాను.

పలక ఎత్తాల్సి వస్తే చెయ్యి వేసేవాడు కాదు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు. కొట్టు బట్టలతోనే నేనూ మేస్త్రీ పలకలు మోస్తుంటే ఈయన కుర్చీలోంచి "మెల్లగ, మెల్లగ" అనేవాడు. డయాలసిస్‌కి రక్తం తీసి మళ్ళీ ఎక్కించే దారి కోసం ఎడమచేతికి ఆపరేషన్ చేశారట. దాంతో బరువు ఎత్తకూడదట. చొక్కా చెయ్యి మడిస్తే కనబడుతుందట.

వారంలో కొన్ని రోజులు ఇద్దరూ మా ఇంటికి వచ్చిన వెంటనే మళ్ళీ బయటికి పోయేవారు. "తలుపులకి బందులు సూసొత్తాం" అనేవారు. పూటంతా తిరిగి ఉత్త చేతుల్తో వచ్చేవారు. కాశీబుగ్గ బజారులో తలుపు బిగించే బందులు దొరక్కపోవడమేమిటి? పేకాటకి పోతున్నారనుకున్నాను; పోయింది ఆసుపత్రికట, డయాలసిస్‌కి. పేకాట అని మా ఆవిడతో అన్నాను కూడా. ఆమె ముఖం అటు తిప్పుకుని, "పోనీలే, ఆడుకోనీ" అంది. ఆ రోజుల్లో మా ఇంట్లో కూరల్లో ఉప్పు ఉండేది కాదు. నాన్నకి బీపీ ఉంది, నువ్వు వేరే వేసుకో అంది. నా ఇంట్లో కూరలో ఉప్పు నేనే కలుపుకుని తిన్నాను.

పలాసలో ఉంటూ, ఇన్ని చూస్తూ పోల్చుకోలేకపోయావా అని ఎవరైనా అడగొచ్చు. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానం మనుషులు ఎదురుపడితే క్షేమసమాచారాల బదులు రక్తంలో క్రియాటిన్ ఎంతుందని ఒకరినొకరు అడుగుతారు. అందరికీ ఈ జబ్బు గుర్తులు తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆయన నాకు చూసే తీరిక ఇవ్వలేదు. నేను గుమ్మంలో కాలు పెట్టిన క్షణం నుంచి ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. దెబ్బలాడుతున్న మనిషి గొంతు వింటామా, మణికట్టు చూస్తామా?

ఇక చివరి రోజు. కేబినెట్ పూర్తయింది, తలుపులు తప్ప. టీవీ ముందు మూసుకునేలా రెండు తలుపులు ఉండాలని మావ పట్టు. ఉప్పుగాలికి టీవీలు పాడైపోతాయట. సముద్రం మా ఇంటికి ఎక్కడ, గాలి ఎక్కడ? తలుపులు వద్దన్నాను. వద్దన్నాను కనుక అవి బిగించారు. నేను భోజనానికి వచ్చి చూస్తే చక్కగా మూసుకుంటున్నాయి. సరే, వచ్చినవి వచ్చాయి, ఉండనీ అనుకున్నాను. మావ లేచి, ఎడమ తలుపును కణుపుతో కొట్టి, "విప్పు" అన్నాడు.

నాలో ఏదో తెగింది.

"పెద్దల్లుడి ఇంట్లో టేకు తలుపులు ఎన్నిసార్లు విప్పించావు మావా?"

మేస్త్రి ఉలి కింద పెట్టేశాడు.

"ఏటన్నావు?"

"ఆయనకి టేకు లారీలో పంపావు. నాకు పడిపోయిన పనస. అది కూడా ఇన్ని రోజులుగా విప్పి బిగించి, విప్పి బిగించి. నేనేం తక్కువ?"

మావ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. అది కోపమని అనుకున్నాను.

"ఆడు అడిగినాడు, ఇచ్చినాను. నువ్వు అడిగినావేటి? ఒక్క దినమైనా 'మావా, నాకూ టేకు గావాల' అని నోరు ఇప్పినావేటి? మూతి ముడుసుకుని కూకుంటే నాకేటి కల కనపడతాదేటి?"

"అడగాలా? అల్లుడు అడుక్కోవాలా?"

"అడుక్కో! దెబ్బలాడు! నాకాడ దెబ్బలాడకపోతే ఇంకెవుడికాడ దెబ్బలాడతావు?"

పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. నేను ఏమేమన్నానో అన్నీ రాయను. గృహప్రవేశం, పనసపండు, కౌంటర్ బల్ల మీద "ఊఁ", నిండుగా మిగిలిన నీళ్ళ గ్లాసు, ఒకదాని వెనక ఒకటి అన్నీ బయటికొచ్చాయి. ఆయన దేనికీ తగ్గలేదు, అన్నింటికీ జవాబు చెప్పాడు, ఒక్క నీళ్ళ గ్లాసుకి తప్ప. చివరికి తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, "ఈ కొంపలో ఇంక కాలెట్టను" అన్నాడు.

"పెట్టకు" అన్నాను.

వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా గేటు దాటాడు. మేస్త్రి సామాను సంచీ ఏరుకుని వెనకాలే పరిగెత్తాడు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అది కూడా నాకు కోపం తెప్పించింది.

రెండు రోజులు తిరక్కుండానే ఆయన పోయాడు. రాత్రి నిద్రలో పోయాడట. మేం వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. ఎవరో ముసలావిడ మా ఆవిడను పట్టుకుని, "డయాలసిస్ సేయించుకుంటా కూడా నీ ఇంట్లో బల్ల సేయించినాడే తల్లీ" అని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఆ మాట విన్నాను. ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. మా ఆవిడ వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాను. తల ఊపింది. వదిన వైపు చూశాను. ఆమె కళ్ళు దించుకుంది. ఆ జనంలో ఇంకేం అడగను? లోపలికి వెళ్ళి చూశాను. చొక్కా లేదు. ఎడమచేతి మీద నరాలు తాళ్ళు పేనినట్టు ఉబ్బి ఉన్నాయి.

ఆయన పెద్దకార్యం రోజున అడిగాను. అడగాలని వెళ్ళలేదు, ఫొటో దగ్గర మొదలైంది. దండ వేయడానికి మా తోడల్లుడు టెక్కలిలో పెద్ద ఫొటో కట్టించి తెచ్చాడు. స్టూడియోవాడు మావ ముఖం తెల్లగా చేసి, ముడతలు తుడిచేసి, పెదాలకు చిన్న చిరునవ్వు తగిలించాడు.

"ఎవరీయన?" అన్నాను.

తోడల్లుడు ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు. "తమ్ముడూ, ఇయ్యాల కూడానా? నలుగురూ సూత్తన్నారు. నెమ్మదిగా మాటాడు."

"నెమ్మదిగా మాట్లాడేది నువ్వు. అందుకే నీకు చెప్పాడు. నేనొక్కడినే పరాయివాణ్ణి."

తోడల్లుడు గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను.

"అవును, నాకు సెప్పినాడు! సెప్పినకాడ్నించి నాతోటి ఒక్క మాట పెద్దగా మాటాడినాడేటి? నాను ఆయన్తోటి మాటాడినానేటి? మా ఇంటికొత్తే మంచం ఏసి పడుకోబెట్టేసీవోలం. టీవీ సౌండు కూడా తగ్గించీసీవోలం. ఒక పూటుండి లేసెల్లిపోయీవోడు. నీకెందుకు సెప్పలేదో ఇంకా తెలీలేదేటి నీకు? దెబ్బలాడ్డానికి. నిన్ను దెబ్బలాడ్డానికి అట్టిపెట్టుకున్నాడు మావ."

నేను మేస్త్రి వైపు తిరిగాను. అతను వంట పొయ్యి దగ్గర కట్టెలు అందిస్తున్నాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"నిజమే బావా. 'ఆడికి తెలిసిందంటే ఆ ఇంట్లో కూడా నాకు మంచం ఏసేత్తార్రా' అనీవోడు. నువ్వు కొట్టునుంచి భోజనానికొచ్చే టైముకి ఏదో ఒకటి ఇప్పమనీవోడు. మొదలేటి, కొసేటి? సిత్రిక పట్టినాక నాకే తెలీదు. ఆయనకీ తెలీదు."

"మరి ఆ చివరి రోజు?"

"ఆ దినమా?" మేస్త్రి కట్టె పొయ్యిలోకి తోశాడు. "బండెక్కినాక సుమ్మాదేవి దాకా నవ్వుతానే ఉన్నాడు. 'ఇన్నేళ్ళు టేకు కడుపులో ఎట్టుకున్నాడ్రా, ఇయ్యాల కక్కించినాను' అన్నాడు. ఎల్లుండెల్లి తలుపులు ఇప్పుదాంరా, మళ్ళీ బిగిద్దాం అన్నాడు. నాను దిగిపోతంటే కూడా కిటికీకాడ నవ్వుతానే ఉన్నాడు."

ఆ ఫొటోనే గోడకెక్కింది. నా మాట నెగ్గలేదు. ఆ తెల్లటి పెద్దమనిషికే దండ వేసి దణ్ణం పెట్టి వచ్చాం.

తిరుగు రైల్లో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. మందస దాటాక నేనే అడిగాను.

"చచ్చిపోతున్న మనిషితో నన్ను అలా అరవనిచ్చావు. నీకు ఎలా మనసొప్పింది?"

"నాన్న ఒట్టేయించుకున్నాడు" అంది. మళ్ళీ తనే, "ఒట్టేయించుకోకపోయినా సెప్పకపోదును" అంది.

"ఎందుకు?"

"తెలిస్తే నువ్వు మెత్తబడిపోయీవోడివి."

"నేనా?"

"నువ్వే. ఈదిలో కుక్కకి కాలిరిగితేనే కొట్టు కట్టీసి కూకున్నోడివి. నాన్నని సూసి దెబ్బలాడుదువేటి? 'మావయ్యగారూ' అని మొదలెట్టీవోడివి. అలగ పిలిత్తే నాన్న ఆ దినమే మానీసీవోడు రావడం."

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఇప్పుడు ఏడుస్తోంది. నేను ఏమీ అనలేదు. అనడానికి లేక కాదు. అనవలసింది ఆమెను కాదు.

మావా, నువ్వు నాకు చెప్పి ఉండాల్సింది. వాళ్ళంతా నన్ను తప్పు లెక్కగట్టారు, నువ్వూ అలాగే గట్టావు. చెబితే నేనేం చేసేవాడినో నాకు తెలుసు. మేస్త్రిని పనిలో ఉండమని, నా బండి మీద నేనే నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేవాణ్ణి. దారి పొడుగునా పలక మొదలు కిందికా పైకా అని దెబ్బలాడేవాణ్ణి. నీ చేతికి సూదులు గుచ్చి ఉన్నంతసేపూ మంచం పక్కన స్టూలు వేసుకుని దెబ్బలాడేవాణ్ణి. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంటే తలుపు దగ్గర నిలబడి మిగతా మాట పూర్తి చేసేవాణ్ణి. పట్టుకున్నది వదలనివాణ్ణని నీకన్నా బాగా ఎవరికి తెలుసు? అలాంటివాణ్ణి, జబ్బుందని తెలిస్తే నిన్ను వదిలేస్తానని ఎలా అనుకున్నావు?